తోక లేని శుక్రకణం: పాకడం కన్నా ఆగడమే కష్టం

ఇంటర్ జువాలజీలో గీసిన శుక్రకణం బొమ్మ గుర్తుండే ఉంటుంది. తల, మెడ, మధ్యభాగం, పొడవాటి తోక. ఆ బొమ్మ మనసులో ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, శుక్రకణం అనగానే ఈదుకుంటూ పోయేదే కళ్ళ ముందుకొస్తుంది. ఏలికపాము పేరు వినని తెలుగువాళ్ళు ఉండరు. దాని శుక్రకణానికి తోకే లేదని, అది ఈదదని, అమీబాలాగా పాకుతుందని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ.

ఏలికపాము ఒక్కటే కాదు, నెమటోడ్ (నులిపురుగుల) వర్గమంతా ఇంతే. మన పేగుల్లోని కొంకిపురుగు, మట్టిలో బాక్టీరియా తిని బతికే 1 మిల్లీమీటరు సి. ఎలెగాన్స్, అన్నిటి శుక్రకణాలూ మిథ్యాపాదం చాచి పాకేవే. ఈ సంగతి చెప్పేటప్పుడు దాదాపు అందరూ ఒకే ప్రశ్న పట్టుకుంటారు: గుండ్రంగా కదలకుండా ఉన్న కణం పాకేదిగా ఎలా మారింది, దాన్ని లేపింది ఏమిటి? అది మంచి ప్రశ్నే. అసలు ప్రశ్న మాత్రం దాని పక్కనే ఉంది: అన్నీ సిద్ధంగా ఉన్న కణం అంతసేపు లేవకుండా ఎలా ఉండగలిగింది? ఈ కణం పరిపక్వతలో ఎక్కువ భాగం ఆగి ఉండే ఏర్పాటే అని నా వాదన. ఈ ఏర్పాటు అర్థం కాకపోతే పుస్తకంలోని జన్యువుల పేర్లూ గుర్తుండవు, బల్ల మీద ప్రయోగమూ సరిగా రాదు.

బెంగళూరులో ఐఐఎస్‌సీలోనో, జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలోని ఎన్‌సీబీఎస్‌లోనో, నగరంలోని ఇంకో కళాశాలలోనో ప్రాజెక్టుకు చేరే అనంతపురం, చిత్తూరు, కర్నూలు పిల్లలు చాలామంది. వాళ్ళలో పురుగుల ప్లేట్లు మొదటిసారి చేతబట్టినవాళ్ళకు ఈ విషయం మన భాషలో దొరకదు. అందుకే కొలతలతో సహా రాస్తున్నాను.

ముందు కణం పుట్టుక. సి. ఎలెగాన్స్‌లో రెండు రకాల జీవులున్నాయి: రెండు ఎక్స్ క్రోమోజోములున్న ఉభయలింగి, ఒక్క ఎక్స్ ఉన్న మగపురుగు. ఉభయలింగి చివరి లార్వా దశలో సుమారు 300 శుక్రకణాలు తయారు చేసి, ఆ పని శాశ్వతంగా ఆపేసి, ఆ తరువాత అండాలు మాత్రమే చేస్తుంది. అందుకే తనంతట తాను కనే పిల్లలూ సుమారు 300 దగ్గరే ఆగిపోతాయి. అండాలు ఇంకా వస్తూనే ఉంటాయి, శుక్రకణాలు అయిపోతాయి. 1979లో వార్డ్, కారెల్ లెక్కపెట్టి చూపించిందేమిటంటే, ఈ పురుగులో దాదాపు ప్రతి శుక్రకణమూ ఒక అండాన్ని ఫలదీకరిస్తుంది. మనుషుల్లో కోట్లలో ఒక్కటి. ఇక్కడ వృథా దాదాపు సున్నా. ప్రతి కణమూ లెక్కలోకి వచ్చే చోట తొందరపడి మేల్కొన్న కణం నేరుగా నష్టం కిందికి వస్తుంది.

క్షయకరణ విభజన మామూలుగానే మొదలవుతుంది. ఒక ప్రాథమిక కణం రెండై, ఆ రెండూ నాలుగు స్పెర్మాటిడ్లు (ఇంకా పాకని గుండ్రటి శుక్రకణాలు) అవుతాయి. విడ్డూరం చివరి మెట్టులో ఉంది. నాలుగు స్పెర్మాటిడ్లు మధ్యలో ఒక ముద్దను వదిలేసి మొగ్గల్లా విడిపోతాయి. ఆ ముద్దను అవశేష దేహం అంటారు. అందులోకి పోయేవి చూడండి: రైబోజోములు, అంతర్జీవద్రవ్య జాలకం, గాల్జీ, ఆక్టిన్, ట్యూబులిన్. మరో కణంలో ఇవి పోతే కణం చచ్చినట్టే. స్పెర్మాటిడ్ తన వెంట తీసుకెళ్ళేవి గట్టిగా ముడుచుకున్న కేంద్రకం, సెంట్రియోళ్ళు, మైటోకాండ్రియా, పొర అంచున చేరే సంచుల్లాంటి త్వచ కణాంగాలు, ఇంకా ఎమ్‌ఎస్‌పీ అనే ప్రోటీన్ బోలెడంత. ఎమ్‌ఎస్‌పీ అంటే ముఖ్య శుక్రకణ ప్రోటీన్. సుమారు 14 కిలోడాల్టన్ల చిన్న ప్రోటీనే అయినా శుక్రకణంలోని మొత్తం ప్రోటీన్‌లో 10 నుంచి 15 శాతం ఇదే.

రైబోజోములు పోయాయంటే ఇక ఈ కణం కొత్తగా ఒక్క ప్రోటీన్ కూడా చేసుకోలేదు. ఈ ఒక్క వాస్తవం మీదే నా వాదన నిలబడుతుంది. స్పెర్మాటిడ్ ఏర్పడిన క్షణానికే పాకడానికి కావలసిన ప్రతి వస్తువూ లోపల ఉంది. బయటి సంకేతం వచ్చాక జన్యువు చదివి, ప్రోటీన్ చేసి, దాన్ని వాడుకునే వీలు లేదు. అందుకే గుండ్రటి కణం నుంచి పాకే కణం దాకా ప్రయాణం నిమిషాల్లో అయిపోతుంది. సరుకంతా సర్దిపెట్టి, తలుపు గడియ వేసి ఉంచిన స్థితి అది.

ఆ సర్దడం కూడా ఆషామాషీగా జరగదు. విభజన జరుగుతున్న కణంలో ఎమ్‌ఎస్‌పీ విడిగా తిరగదు. త్వచ కణాంగానికి అంటుకుని స్ఫటికంలాంటి కట్టలుగా, పోగుల దేహం రూపంలో ఉంటుంది. వార్డ్ బృందం 1981లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఈ దశలన్నీ వరసగా చూపింది. కట్ట కట్టినందువల్ల ఎమ్‌ఎస్‌పీ మొత్తం స్పెర్మాటిడ్ వైపే పోతుంది, అవశేష దేహంలో పడిపోదు. మొగ్గ విడిపోయాక కట్ట విచ్చుకుని ఎమ్‌ఎస్‌పీ కణమంతా పరుచుకుంటుంది, కానీ పోగులు కట్టదు. స్పె-6 అనే కైనేజ్ (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము) చెడితే ఆ కట్టలే ఏర్పడవు, స్పెర్మాటిడ్లూ రావు. స్పె-6 పేరు గుర్తుపెట్టుకోండి, ఇంకోచోట మళ్ళీ వస్తుంది.

పాకడం గురించి క్లుప్తంగా. మన కణాలు పాకేది పోగులు కట్టే ప్రోటీన్ ఆక్టిన్‌తో. ఇక్కడ ఆక్టిన్ స్థానంలో ఎమ్‌ఎస్‌పీ ఉంది. ఆక్టిన్ పోగుకు ఒక దిశ ఉంటుంది, మయోసిన్ అనే మోటారు ప్రోటీన్ దాని మీద నడుస్తుంది. ఎమ్‌ఎస్‌పీ పోగుకు దిశ లేదు, అది కణానికి శక్తినిచ్చే ఏటీపీని పట్టుకోదు, దాని మీద నడిచే మోటారు కూడా దొరకలేదు. మిథ్యాపాదం ముందు అంచున పోగులు కట్టుకుంటూ, వెనక మొదలు దగ్గర విడిపోతూ ఉంటాయి. ముందు కట్టడం అంచును తోస్తుంది, వెనక విడిపోవడం కణాన్ని లాగుతుంది. ఇది తేలింది పంది ఏలికపాము శుక్రకణాల మీద. అవి పెద్దవి, కబేళా నుంచి తెచ్చిన పురుగుల్లో కావలసినన్ని దొరుకుతాయి. కణాన్ని పగలగొట్టి తీసిన రసంలో కూడా, పొర ముక్కల వెనక ఎమ్‌ఎస్‌పీ తోకచుక్కలా పెరుగుతూ ఆ ముక్కను ముందుకు తోయడం 1996లో చూపించారు. కణం లోపలి పీహెచ్ ఇక్కడ కీలకం. ఆమ్లత్వం పెంచితే పోగులు విడిపోతాయి, ఆమ్లాన్ని కడిగేస్తే మళ్ళీ కట్టుకుంటాయి.

ఇక గడియ సంగతి.

ఉభయలింగిలో స్పెర్మాటిడ్లు మొదటి అండాలతో పాటు శుక్రగ్రాహికలోకి (శుక్రకణాలు నిలవుండే సంచిలోకి) నెట్టబడి అక్కడ మేల్కొంటాయి. మగపురుగులో మాత్రం శుక్రాశయంలో గుండ్రంగానే నిలవ ఉండి, జతకట్టి ఉభయలింగి గర్భాశయంలోకి చేరాక నిమిషాల్లో మిథ్యాపాదం చాస్తాయి. ఒకే కణం, రెండు ఇళ్ళు, రెండు వేళలు.

ఉభయలింగి దారిని చెడగొట్టే జన్యువుల గుంపును స్పె-8 గుంపు అంటారు: స్పె-8, స్పె-12, స్పె-19, స్పె-27, స్పె-29, స్పె-43. వీటిలో ఏది పోయినా ఉభయలింగి గొడ్డుపోతుంది, దాని స్పెర్మాటిడ్లు గుండ్రంగానే ఉండిపోతాయి. అదే లోపం ఉన్న మగపురుగు మాత్రం పిల్లల్ని కంటుంది. ఇంకో వింత: ఆ గొడ్డు ఉభయలింగిని మగపురుగుతో జతకట్టిస్తే, మగపురుగు వీర్యద్రవం తగిలి ఉభయలింగి సొంత స్పెర్మాటిడ్లు కూడా లేస్తాయి. అంటే ఆ కణాలు బాగానే ఉన్నాయి, పిలుపు మాత్రమే అందలేదు. మగవైపు పిలుపు ఏమిటో 2011లో స్మిత్, స్టాన్‌ఫీల్డ్ తేల్చారు: శుక్రవాహిక నుంచి వచ్చే ట్రై-5 అనే ప్రోటీన్ కోత ఎంజైము. ఉభయలింగి వైపు జింకుకు పాత్ర ఉందని, అది స్పె-8 దారిలోనే పనిచేస్తుందని 2013లో తెలిసింది.

ఇంతవరకు పిలుపు కథే. గడియ కథ స్పె-27 పోయిన గొడ్డు పురుగులకు మళ్ళీ పిల్లలు పుట్టేలా చేసే రెండో లోపం కోసం వెతికినప్పుడు బయటపడింది. దొరికినవి స్పె-6లో, స్పె-4లో చిన్న మార్పులు. స్పె-6 ఇందాక కట్టలు కట్టిన కైనేజే. పూర్తిగా పోతే స్పెర్మాటిడే రాదు, కొద్దిగా బలహీనపడితే స్పెర్మాటిడ్ వచ్చి పిలుపు లేకుండానే లేస్తుంది. స్పె-4 అల్జైమర్స్ వ్యాధిలో వినపడే ప్రెసినిలిన్ కుటుంబం ప్రోటీన్. ఈ మార్పులున్న మగపురుగులను కోసి చూస్తే లోపలే ముందుగా లేచిన కణాలు కనిపిస్తాయి. పిలుపు తీసేసి, గడియ కూడా వదులు చేస్తే కణం తనంతట తానే లేచింది, అండాన్ని ఫలదీకరించింది కూడా. పిలుపు చేసేది గడియ తీయడమే అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మగపురుగుకు బయట ఇంకో గడియ ఉంది. ఎస్‌డబ్ల్యూఎమ్-1 అనే ప్రోటీన్ ట్రిప్సిన్ నిరోధకం. ట్రై-5 లాంటి ఎంజైములు శుక్రాశయంలో ముందే పని మొదలుపెట్టకుండా అడ్డుపడుతుంది. ఆ పేరు 'జతకట్టకుండానే శుక్రకణం లేవడం' అన్న మాటల పొడి అక్షరాలు. ఈ జన్యువు పోయిన మగపురుగులో కణాలు లోపలే లేచి మిథ్యాపాదాలు చాస్తాయి, జతకట్టినప్పుడు సరిగా బయటికి పోవు, సంతానం బాగా తగ్గిపోతుంది. 2006లో వచ్చిన ఈ ఫలితం మీద నాకు ప్రత్యేక గౌరవం. ఆరోగ్యంగా ఉన్న, చక్కగా పాకగల శుక్రకణమే మగపురుగును దాదాపు గొడ్డును చేసింది, కేవలం వేళ తప్పినందువల్ల.

2009లో ఇంకా పెద్ద మాట తేలింది. సి. రెమనై అనే చుట్టపు జాతిలో ఉభయలింగులు లేవు, ఆడ, మగ మాత్రమే. ఆడపురుగులో ఆడతనాన్ని నిలిపే ట్రా-2 జన్యువు పని తగ్గిస్తే అది స్పెర్మాటిడ్లు చేసింది, అవి మాత్రం లేవలేదు. దానికి తోడు ఎస్‌డబ్ల్యూఎమ్-1 పని కూడా తగ్గించాక లేచాయి. ఆడపురుగు తనంతట తాను పిల్లల్ని కంది. ఒక జాతి పునరుత్పత్తి పద్ధతి మారడానికి శుక్రకణం చేయగలగడం ఒక మెట్టు, గడియ వదులవడం రెండో మెట్టు. పరిణామ క్రమంలో ఎంత పెద్ద మలుపు ఈ చిన్న గడియ దగ్గర ఉందో చూడండి.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. మామూలు పురుగులో స్పె-8 పోతే గొడ్డుతనం వస్తుంది కదా, మరి పిలుపే ముఖ్యం కదా అంటారు. నిజమే, ప్రకృతిలో పిలుపు లేనిదే పని జరగదు. ఇంకో మాట కూడా నిజం: స్పె-6, స్పె-4 మార్పులతో వచ్చే సంతానం మామూలు పురుగు సంతానంతో సమానం కాదు, గడియ తీయడమొక్కటే సర్వస్వం అయితే లోటు రాకూడదు. వాళ్ళు ఇక్కడ సరిగానే చెప్పారు. నేను అనేది పిలుపు అక్కర్లేదని కాదు. పిలుపు కొత్త శక్తి ఏదీ ఇవ్వదు, లోపల ఉన్న నిరోధాన్ని తొలగిస్తుంది. ఈ తేడా తెలియకపోతే, కృత్రిమంగా కణాన్ని లేపడానికి ప్రోనేజ్, మోనెన్సిన్, ట్రైఇథనోలమీన్, జింకు లాంటి ఒకదానికొకటి పోలికలేని పదార్థాలు ఎందుకు పనికొస్తాయో అర్థం కాదు. ఒకటి బయటి ప్రోటీన్లను కోస్తుంది, ఒకటి సోడియంను పొర దాటిస్తుంది, ఒకటి లోపలి పీహెచ్ పెంచుతుంది. ఇన్ని వేరువేరు తాళంచెవులతో తెరుచుకునేది తలుపే అయి ఉంటుంది, కట్టడం కాదు.

తలుపు తెరిచాక రెండు పనులు జరుగుతాయి: మిథ్యాపాదం రావడం, త్వచ కణాంగాలు బయటి పొరతో కలిసిపోవడం. రెండోది ఫెర్-1 జన్యువు పని. అది చెడితే పొట్టి మిథ్యాపాదం వస్తుంది కానీ కణాంగాలు కలవవు, కణం కదలదు. ఈ కలయికతోనే స్పె-38 లాంటి ఫలదీకరణ ప్రోటీన్లు లోపలి సంచుల నుంచి కణం ఉపరితలానికి చేరతాయి. ఫెర్-1 డీఎన్ఏ క్రమం 1997లో చదివారు. మరుసటి ఏడు ఒక రకం కండరాల క్షీణత వ్యాధికి కారణమైన మానవ జన్యువు దొరికింది, దానికి దగ్గర పోలిక ఈ పురుగు ఫెర్-1తోనే. అందుకే దానికి డిస్ఫెర్లిన్ అని పేరు, మధ్యలో ఫెర్ ఉంది చూడండి. కండరపు పొర చిరిగినప్పుడు అతుకు వేయడంలో ఆ ప్రోటీన్‌కు భాగముంది. మట్టిపురుగు శుక్రకణం చదివి ఏం లాభం అని అడిగే బంధువులకు చెప్పడానికి ఇది చాలు.

నులిపురుగుల విషయంలో మాత్రం అతిగా చెప్పకూడదు. ఏటా ఫిబ్రవరి 10న బడిపిల్లలకు ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ పురుగు ట్యూబులిన్‌కు అతుక్కుంటుంది. పాకే శుక్రకణం ట్యూబులిన్‌ను ముందే వదిలేసింది, దాని పాకుడుకు ఆ మందు సూటి దెబ్బ కాదు. ఎమ్‌ఎస్‌పీతో పాకే పద్ధతి నెమటోడ్లకే ప్రత్యేకం కనుక అది వేరే గురి కావచ్చు, సూత్రప్రాయంగా. కానీ కోలారు, మదనపల్లె టమాటా వేళ్ళకు బుడిపెలు తెచ్చే వేరుముడి నులిపురుగు మెలాయిడోగైనీ ఇన్‌కాగ్నిటా శుక్రకణం లేకుండానే గుడ్లు పెడుతుంది. అక్కడ శుక్రకణాన్ని ఆపి సాధించేది ఏమీ లేదు.

ఇప్పుడు బల్ల దగ్గరికి. గడియే అసలు విషయం అన్నాక, ప్రోనేజ్ వేసిన స్లైడు కన్నా వేయని స్లైడే ముఖ్యం. అది శుభ్రంగా రాకపోతే మిగతా అంకెలన్నీ పారేయాల్సినవే.

మగపురుగులు మామూలు పెంపకంలో వెయ్యికి ఒకటో రెండో మాత్రమే వస్తాయి, కాబట్టి హిమ్-5 లాంటి రకం వాడండి, అందులో మూడో వంతు దాకా మగవే. చివరి లార్వా దశలో ఉన్న మగవాటిని 20-30 ఏరి, ఉభయలింగులు ఒక్కటీ లేని ప్లేటులో 20 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచండి. ఒక్క ఉభయలింగి పొరపాటున పడినా శుక్రాశయాలు ఖాళీ అవుతాయి. ద్రావణం: హెపెస్ 50, సోడియం క్లోరైడ్ 50, పొటాషియం క్లోరైడ్ 25, కాల్షియం క్లోరైడ్ 5, మెగ్నీషియం సల్ఫేట్ 1, డెక్స్‌ట్రోజ్ 10, అన్నీ మిల్లీమోలార్లలో. పీహెచ్ 7.0 నుంచి 7.8 లోపు ప్రయోగశాలను బట్టి వాడతారు. మీరు ఏది వాడినా ప్రతిసారీ అదే వాడండి. పై అంచుకు పోయేకొద్దీ కణాలు వాటంతట అవే లేచే అవకాశం గమనించుకోండి. ఫాస్ఫేట్ ఉన్న ఎమ్9 అనే ద్రావణంలో పురుగులను కడిగి ఆ తడితోనే ఇందులో వేస్తే కాల్షియంతో కలిసి తెల్లటి నలుసులు వస్తాయి.

స్లైడు మీద 10 మైక్రోలీటర్ల చుక్కలో 5 మగపురుగులు వేసి, 27 గేజ్ సూదితో నడిమికి కాస్త వెనక కోయండి. స్పెర్మాటిడ్లు మేఘంలా బయటికొస్తాయి. కవర్‌స్లిప్ అంచులకు వాసలిన్ పూయడం మర్చిపోవద్దు. మార్చి, ఏప్రిల్ నెలల్లో బెంగళూరు గాలికి చుక్క నిమిషాల్లో ఆరుతుంది, ఉప్పు గాఢత పెరిగి కణాలు ముడతలు పడతాయి. ఆ ముడతలను, లేచే కణం మిథ్యాపాదానికి ముందు చాచే ముళ్ళుగా లెక్కించి 'మేల్కొంది' అని రాసుకోవడం కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు.

ప్రోనేజ్‌ను మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు కలిపి, చిన్న చిన్న గొట్టాల్లో పంచి, మైనస్ 20లో పెట్టండి. వాడేటప్పుడు 100 రెట్లు పలచన చేస్తే మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములు. ఒకసారి కరిగించిన గొట్టాన్ని మళ్ళీ గడ్డకట్టించవద్దు. అది ప్రోటీన్‌ను కోసే ఎంజైము, తనను తాను కూడా కోసుకుంటుంది. 10 నిమిషాల తరువాత లెక్కించండి.

మూడు గడులు పెట్టుకోండి: గుండ్రం, ముళ్ళు, మిథ్యాపాదం. ముళ్ళ దగ్గర ఆగిపోవడం మేల్కొనడం కాదు, మధ్య మెట్టు. స్పె-8 గుంపు కణాలకు ప్రోనేజ్ వేస్తే సరిగ్గా ఈ ముళ్ళ దగ్గరే నిలిచిపోతాయి, మోనెన్సిన్ వేస్తే పూర్తిగా లేస్తాయి. రెండో గడిని మూడో గడిలో కలిపేస్తే ఆ తేడా మాయమవుతుంది. అవశేష దేహాన్ని స్పెర్మాటిడ్ అనుకోవద్దు. స్పెర్మాటిడ్‌కు నడిమిన చిన్న కేంద్రకం చుక్క ఉంటుంది, దానికి ఉండదు, అనుమానం ఉంటే డీఎన్ఏను మెరిపించే హెక్స్ట్ రంగు వేయండి. త్వచ కణాంగాలు కలిశాయో లేదో ఎఫ్ఎమ్1-43 రంగు చెబుతుంది: స్పెర్మాటిడ్‌లో అంచు మాత్రమే మెరుస్తుంది, లేచిన కణంలో మిథ్యాపాదం వదిలి మిగతా దేహం చుట్టూ చుక్కలు మెరుస్తాయి.

ఖాళీ ద్రావణం స్లైడులో మిథ్యాపాదాలు కనిపిస్తే వెంటనే ప్రోనేజ్‌ను అనుమానించకండి. కోతలో శుక్రవాహిక నలిగి ట్రై-5 చుక్కలో కలిసిందేమో, పేగు తెగి దాని ఎంజైములు వచ్చాయేమో, పీహెచ్ మీటరు సరిచూసి ఎన్నాళ్ళయిందో చూడండి. కోసిన వెంటనే కొత్త ద్రావణాన్ని కవర్‌స్లిప్ ఒక వైపు నుంచి వదిలి, రెండో వైపు నుంచి వడపోత కాగితంతో లాగితే చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ లేస్తుంటే మీ మగపురుగుల జన్యురకాన్ని మళ్ళీ పరీక్షించండి. స్పె-6లోనో, ఎస్‌డబ్ల్యూఎమ్-1లోనో లోపం ఉన్న పురుగుల్లో కనిపించేది కచ్చితంగా ఇదే దృశ్యం.